ప్రళయానికి ముహూర్తం పెట్టేవాళ్లు

క్రీస్తు రెండో రాకడకు ఇప్పటిదాకా ఎందరో ముహూర్తాలు పెట్టారు. ఒక్కటీ నిలవలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో వ్యవసాయం చేసుకునే విలియం మిల్లర్ దానియేలు గ్రంథంలోని 2,300 దినాలను సంవత్సరాలుగా మార్చి, క్రీస్తుపూర్వం 457 నుంచి లెక్కగట్టి, 1843 ప్రాంతంలో లోకాంతమని తేల్చారు. ఆ గడువు దాటిపోయాక అనుచరులు లెక్క సవరించి 1844 అక్టోబర్ 22 అన్నారు. వేలమంది నమ్మారు. కొందరు పండిన పంటను కోయకుండా పొలంలోనే వదిలేశారు. తెల్లవారి చూస్తే లోకం అలాగే ఉంది, కోయని పంటా అలాగే ఉంది. చరిత్రలో ఆ రోజుకు 'మహా ఆశాభంగం' అని పేరు.

కాలిఫోర్నియాలో ఫ్యామిలీ రేడియో నడిపిన హెరాల్డ్ కాంపింగ్‌ది ఇటీవలి కథ. 2011 మే 21న నీతిమంతులు ఎత్తబడతారని ఆయన ప్రకటించారు. చాలా దేశాల్లో హోర్డింగులు వెలిశాయి. మే 21 మామూలు శనివారంలాగే గడిచింది. అది ఆత్మీయంగా జరిగిందని, అసలు అంతం అక్టోబర్ 21న అని ఆయన సర్దిచెప్పారు. అదీ గడిచాక, 2012లో, తేదీ చెప్పడమే పాపమని ఒప్పుకున్నారు. 2013లో 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. తేదీలు ప్రకటించినవారిలో ఇలా తప్పు ఒప్పుకున్నవారు అరుదు.

జోస్యం తప్పినంత మాత్రాన నమ్మకం చావదు. మిల్లర్ అనుచరుల్లో ఒక వర్గం 1844లో జరగాల్సింది పరలోకంలో జరిగిందని వ్యాఖ్యానించుకుని, 1863లో సెవెంత్ డే ఎడ్వెంటిస్టు సంఘంగా స్థిరపడింది. ఆ సంఘం బడులు, ఆస్పత్రులు మన ఊళ్లలోనూ ఉన్నాయి. తప్పిన జోస్యం నుంచి బడీ ఆస్పత్రీ పుట్టడం చిన్న విషయం కాదు. అందుకే విశ్వాసుల్ని వెక్కిరించడం నాకు ఇష్టం ఉండదు.

వెక్కిరించే అర్హత మన తెలుగువాళ్లకు అసలే లేదు. పెద్ద సంఘటన ఏది జరిగినా 'బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు' అనేది మన నోట సిద్ధంగా ఉండే మాట. కాలజ్ఞానంలో ఒక స్త్రీ పాలన ప్రస్తావన ఉందంటే దాన్ని ఇందిరాగాంధీకి అన్వయించుకున్నాం. ఎన్టీఆర్ 1984లో బ్రహ్మంగారి చరిత్రను సినిమాగా తీస్తే ఊళ్లకు ఊళ్లు బళ్లు కట్టుకుని వెళ్లి చూశాయి. జరిగిపోయినదాన్ని పాత మాటకు అతికించి, ముందే తెలుసునని ఊరట పొందడం మనిషికి అవసరం కాబోలు. అర్థంకాని లోకం కంటే, ఎవరో ముందే రాసిపెట్టిన లోకం తక్కువ భయపెడుతుంది.

ప్రకాశం జిల్లా పల్లెలో పెరిగినవాణ్ని. కల్వర్టుల మీద, కొండ బండల మీద సున్నంతో రాసిన 'యేసు త్వరలో వచ్చుచున్నాడు' అన్న మాట చదువుకుంటూ బడికి వెళ్లాం. 1999 చివరి నెలల్లో ఉజ్జీవ సభలకు వచ్చిన ప్రసంగీకులు టర్కీ భూకంపాన్ని, ఒడిశా తుపానును, వైటూకే కంప్యూటర్ గండాన్ని ఒకే దండలో గుచ్చారు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తొమ్మిదేళ్ల పిల్లలం కూడా కునుకు తీయకుండా కూర్చున్నాం. పన్నెండు దాటింది, కేకు ముక్కలు పంచారు. ఎవరూ ఎవరినీ నిలదీయలేదు. మర్నాటి నుంచి ఊరు మళ్లీ పొగాకు ధర గురించి మాట్లాడుకుంది. మా ఊళ్లో ఆ జోస్యం వల్ల ఎవరి ఇల్లూ కూలలేదు.

అన్నిచోట్లా అలా జరగదు. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో, క్రీస్తును కలుసుకోవడానికి ఉపవాసంతో ప్రాణాలు వదలాలన్న బోధకు లోబడినవారివని చెబుతున్న 400కు పైగా మృతదేహాలను తవ్వితీశారు. వారిలో పిల్లలున్నారు. ఇంత ఘోరం జరిగినా ఇలాంటి బోధను కనిపెట్టవచ్చు, కేసు పెట్టవచ్చు, బోధకుణ్ని బోనులో నిలబెట్టవచ్చు. రాజనీతి శాస్త్రం చదువుకున్నవాడిగా నన్ను ఎక్కువ కలవరపెట్టేది రెండో రకం. వీళ్లు తేదీ చెప్పరు. జాబితా చెబుతారు. రాకడకు ముందు ఫలానాది జరగాలి, తర్వాత ఫలానాది జరగాలి అంటారు. తేదీ కోసం వేచి ఉండటం తప్ప మనిషి చేయగలిగింది ఏమీ లేదు. జాబితా అలా కాదు. దాన్ని పూర్తి చేయడానికి పూనుకోవచ్చు.

ఆ జాబితాకు ఒక చరిత్ర ఉంది. బైబిలు జోస్యాలన్నిటినీ ఒక వరుసలో పేర్చి, సంఘం ఎత్తబడటం, మహాశ్రమల కాలం, హార్‌మెగిద్దోను యుద్ధం, వెయ్యేళ్ల పాలన అంటూ అంచెలుగా బోధించే పద్ధతిని 1830ల నుంచి ప్రచారంలోకి తెచ్చినవాడు బ్రదరెన్ ఉద్యమ నాయకుల్లో ఒకరైన జాన్ నెల్సన్ డార్బీ. అదే ఉద్యమానికి చెందిన మిషనరీలు 1836లో భారత్‌కు వచ్చి గోదావరి డెల్టాలో నర్సాపురం కేంద్రంగా పనిచేశారు. వారిని వెంటబెట్టుకొచ్చిన ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్, డార్బీ సంకుచిత ధోరణిలో పడుతున్నాడని అదే ఏడాది ఆయనకే ఉత్తరం రాశారు. ఉద్యమంలో అందరూ ఒక్కలా ఆలోచించలేదన్నమాట. అయితే పేరు నిలిచింది డార్బీ అంచెలకే. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిలు ఆ వ్యాఖ్యానాన్ని మూలం కిందే, అదే పేజీలో అచ్చువేసింది. పైన ఉన్నది దైవవాక్కు, కింద ఉన్నది ఒక అమెరికన్ రాసుకున్న నోట్సు. కానీ ఒకే పేజీని ఏళ్ల తరబడి చదివిన కళ్లకు ఆ గీత చెరిగిపోయింది.

జాబితాలో అతి ముఖ్యమైనది యూదులు తమ దేశానికి తిరిగిరావడం. 1948 మే 14న ఇజ్రాయెల్ ఏర్పడింది. 1967 జూన్‌లో తూర్పు జెరూసలేం దాని చేతికి వచ్చింది. ఆ రెండు తేదీలూ జోస్యాల మార్కెట్‌కు ఊపిరిపోశాయి. హాల్ లిండ్సే 1970లో రాసిన 'ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్' కోట్ల ప్రతులు అమ్ముడుపోయింది. యెహెజ్కేలు గ్రంథంలోని గోగును ఆయన సోవియట్ రష్యాగా చూపించారు. 1948 తర్వాత ఒక తరం, అంటే దాదాపు నలభై ఏళ్లలో అంతా ముగిసిపోవచ్చని సూచించారు. నలభై ఏళ్లు గడిచాయి, మరో మూడేళ్లకు సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1995లో మొదలైన 'లెఫ్ట్ బిహైండ్' నవలలు ఆ గిరాకీని అందిపుచ్చుకుని ఆరుకోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి.

పుస్తకం చదివి పక్కన పెట్టేస్తే గొడవే లేదు. 1969 ఆగస్టు 21న డెనిస్ మైఖేల్ రోహన్ అనే 28 ఏళ్ల ఆస్ట్రేలియన్ జెరూసలేంలోని అల్ అక్సా మసీదుకు నిప్పంటించాడు. మసీదు తొలగితే ఆ చోట ఆలయం కట్టవచ్చు, ఆలయం లేస్తే క్రీస్తు వస్తాడు అన్నది అతని తర్కం. జకర్యా గ్రంథంలోని మాటలు తనను ఉద్దేశించినవేనని నమ్మాడు. సుల్తాన్ సలాదీన్ తెచ్చిన 800 ఏళ్లనాటి చెక్క ప్రసంగ వేదిక బూడిదైంది. కోర్టు అతనికి మతిస్థిమితం లేదని తేల్చి ఆస్పత్రికి పంపింది.

ఒక్క మనిషి గీసిన అగ్గిపుల్ల మంట ఢిల్లీ దాకా వచ్చింది. ఆ ఘటనపై ముస్లిం దేశాలు 1969 సెప్టెంబర్‌లో మొరాకో రాజధాని రబాత్‌లో సమావేశమయ్యాయి. భారత్‌కూ ఆహ్వానం అందింది. నాటి కేంద్రమంత్రి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ నాయకత్వంలో బృందం వెళ్లింది. భారత్ కూర్చుంటే తాను కూర్చోనని పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యాఖాన్ భీష్మించుకోవడంతో మన బృందం అవమానభారంతో తిరిగిరావాల్సి వచ్చింది. ఆ సమావేశం నుంచే ఇస్లామిక్ దేశాల సంస్థ పుట్టింది. దాని వేదికపై మాట్లాడే అవకాశం భారత్‌కు దక్కింది సరిగ్గా 50 ఏళ్లకు. 2019 మార్చి 1న సుష్మాస్వరాజ్ అబుదాబిలో గౌరవ అతిథిగా ప్రసంగించారు. అప్పుడు పాకిస్తాన్ విదేశాంగ మంత్రి సభకు రాలేదు.

రోహన్‌ను పిచ్చివాడన్నారు. పిచ్చి లేనివాళ్లు, సూటు బూటు వేసుకున్నవాళ్లు అదే దారిలో నడిస్తే దాన్ని లాబీయింగ్ అంటారు. 2018 మే 14న అమెరికా తన ఎంబసీని జెరూసలేంకు మార్చినప్పుడు ప్రారంభ ప్రార్థన చేసింది టెక్సస్ పాస్టర్ రాబర్ట్ జెఫ్రెస్, ముగింపు ప్రార్థన చేసింది అదే రాష్ట్రానికి చెందిన జాన్ హేగీ. జోస్యాలపై పుస్తకాలు రాసిన హేగీ 2006లో స్థాపించిన 'క్రిస్టియన్స్ యునైటెడ్ ఫర్ ఇజ్రాయెల్' తనకు కోటిమందికి పైగా సభ్యులున్నారని చెప్పుకుంటుంది. ఆ రోజే గాజా సరిహద్దు నిరసనల్లో సుమారు 60 మంది పాలస్తీనీయులు కాల్పుల్లో చనిపోయారు. టీవీ తెరను రెండుగా చీల్చి ఒకపక్క ప్రార్థనలు, మరోపక్క పొగ చూపించారు.

2022 సెప్టెంబర్‌లో టెక్సస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యలు విమానంలో ఇజ్రాయెల్ చేరాయి. సంఖ్యాకాండంలో చెప్పిన శుద్ధి కర్మకు మచ్చలేని ఎర్ర పెయ్య బూడిద కావాలి, ఆ శుద్ధి లేనిదే ఆలయ సేవ మొదలుకాదు. ఆలయం కోరుకునే యూదుల బృందం ఒకటి, రాకడ కోరుకునే క్రైస్తవులు కొందరు కలిసి చేసిన పని అది. 2024 జనవరిలో హమాస్ సాయుధ విభాగం ప్రతినిధి తన ప్రసంగంలో ఆ పెయ్యల ప్రస్తావన తెచ్చారు. పశువుల వెంట్రుకల రంగు కూడా యుద్ధానికి సాకు అయ్యే చోట జోస్యం ఇక మతబోధ కాదు, భద్రతా సమస్య.

అమెరికా విధానమంతా ప్రకటన గ్రంథం చూసి రాస్తారని చెప్పడం నా ఉద్దేశం కాదు. చమురు ఉంది, ఆయుధాల వ్యాపారం ఉంది, యూదుల నరమేధం మిగిల్చిన అపరాధభావం ఉంది, ఎన్నికల లెక్కలున్నాయి. ఇజ్రాయెల్ భయాలూ ఊహాజనితం కావు. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో సుమారు 1,200 మంది హతమయ్యారు. క్రైస్తవులంతా డార్బీ జాబితాను నమ్ముతారనుకోవడమూ పొరపాటే. వెయ్యేళ్ల పాలనను అక్షరార్థంలో తీసుకోరాదని అయిదో శతాబ్దంలోనే అగస్టీన్ బోధించారు. కేథలిక్కులు, ఆర్థడాక్స్ సంఘాలు ఇప్పటికీ ఆ దారిలోనే ఉన్నాయి. అంత్యకాలపు మోజు క్రైస్తవులకే పరిమితం కూడా కాదు. సిరియాలోని దాబిక్ అనే చిన్న పట్టణంలో చివరి యుద్ధం జరుగుతుందని హదీసులో ఉందంటూ ఐసిస్ తన పత్రికకు ఆ పేరే పెట్టుకుంది. 2016 అక్టోబర్‌లో ఆ పట్టణం పెద్ద యుద్ధమేమీ లేకుండానే దాని చేయిజారింది.

కానీ విధానంలో జోస్యం పాలు ఎంత ఉన్నా, దానితో ఒక చిక్కు ఉంది. మామూలు రాజకీయంలో రాజీకి చోటుంటుంది. సరిహద్దును పది కిలోమీటర్లు అటూ ఇటూ జరపవచ్చు, నీటిని పంచుకోవచ్చు. యుద్ధమే దైవ ప్రణాళిక అని నమ్మేవాడికి శాంతి ఒప్పందం అడ్డంకిలా కనిపిస్తుంది. క్రీస్తు విరోధి మొదట శాంతిదూతలా వస్తాడని బోధ విన్న చెవులు సంధి మాట వినగానే అనుమానపడతాయి.

ఈ పటంలో మనుషులు కనిపించకపోవడం మరీ బాధాకరం. జకర్యా ప్రవచనాన్ని అక్షరార్థంలో చదివే బోధకుల ప్రకారం చివరి రోజుల్లో మూడింట రెండొంతుల మంది యూదులు నశిస్తారు, మిగిలినవారు క్రీస్తును అంగీకరిస్తారు. యూదుల మీద చూపే ప్రేమకు ముగింపు అధ్యాయం ఇది. ఇక పాలస్తీనా క్రైస్తవులు ఆ పటంలోనే లేరు. క్రీస్తు పుట్టిన బెత్లెహేంలో తరతరాలుగా ఉంటున్నవాళ్లు, ఆయన పేరు మీదే బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. ఆక్రమణను బైబిలుతో సమర్థించే వేదాంతం క్రైస్తవ బోధకు దూరమని 2009లో వాళ్లు 'కైరోస్ పాలస్తీనా' పేరుతో ఒక పత్రం వెలువరించారు. 2023 అక్టోబర్‌లో గాజాలోని సెయింట్ పోర్ఫిరియస్ చర్చి ప్రాంగణంలో తలదాచుకున్నవారిలో పలువురు ఇజ్రాయెల్ దాడిలో మరణించారు. పక్కనున్న హమాస్ కేంద్రమే తమ లక్ష్యమని సైన్యం చెప్పింది. ఆ క్రిస్మస్‌కు బెత్లెహేంలోని లూథరన్ చర్చిలో పశువుల తొట్టి పెట్టలేదు. కూలిన సిమెంటు పెళ్లల మధ్య బాలయేసు బొమ్మను పడుకోబెట్టారు. జోస్యం నెరవేరుతోందని సంబరపడేవారు ఆ శిథిలాల వైపు కూడా చూడాలి.

అసలు ప్రకటన గ్రంథం ఎవరి కోసం పుట్టింది? మొదటి శతాబ్దం చివర్లో, పత్మాసు ద్వీపంలో ప్రవాసంలో ఉన్న యోహాను అనే వ్యక్తి, రోమా సామ్రాజ్యం కింద నలిగిపోతున్న ఆసియా మైనర్‌లోని ఏడు చిన్న సంఘాలకు రాశాడు. బబులోను అంటే రోము అని ఆనాటి పాఠకులకు తెలుసు. 666 అన్నది హీబ్రూ అక్షరాల విలువల్లో నీరో చక్రవర్తి పేరని చాలామంది పండితులు భావిస్తారు. 18వ అధ్యాయంలో బబులోను కూలినప్పుడు ఏడ్చేవాళ్లెవరో చూడండి. రాజులు, వర్తకులు, ఓడల యజమానులు. వాళ్ల సరుకుల చిట్టా బంగారంతో మొదలై, పట్టువస్త్రాలు, ఏనుగు దంతం, గోధుమలు, పశువులు దాటి చివరికి మనుషుల దగ్గర ఆగుతుంది. బానిసలను కూడా సరుకుల పద్దులో రాసుకున్న సామ్రాజ్యంపై అది ఒక అభియోగపత్రం. పౌరహక్కుల సంఘం లేని కాలంలో, సెన్సార్ కంటపడకుండా రాసిన రాజకీయ కరపత్రంలా దాన్ని చదవవచ్చు. అలాంటి గ్రంథం రెండువేల ఏళ్ల తర్వాత ప్రపంచంలోకెల్లా బలమైన సైన్యం ఉన్న దేశంలో యుద్ధ పటంగా మారడం చరిత్ర ఆడిన వింత నాటకం.

బలహీనులు చదివితే అదే గ్రంథం వేరేగా పలుకుతుంది. మిజోరంలో కొన్ని చిన్న క్రైస్తవ వర్గాలు ఆధార్ నమోదుకు ఒప్పుకోలేదు. మృగం ముద్ర లేనిదే ఎవరూ కొనలేరు, అమ్మలేరు అన్న 13వ అధ్యాయం వాళ్ల మనసులో ఉంది. చదువుకున్నవాళ్లు నవ్వారు. ఆధార్‌కు, 666కు సంబంధం లేదన్నది నిజమే. అయితే నంబరు లేనివాడికి తిండి దొరుకుతుందా అన్న ప్రశ్న మూఢనమ్మకం కాదు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అదే ఏడాది జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో ఒక పేద బాలిక చనిపోయింది. కార్డుకు ఆధార్ జోడించలేదని నెలల తరబడి రేషన్ ఇవ్వలేదని కుటుంబం చెప్పింది. మలేరియా వల్ల అని అధికారులు అన్నారు. లాయర్లు రాజ్యాంగ భాషలో అడిగినదాన్నే పల్లె విశ్వాసి ప్రకటన గ్రంథం భాషలో అడిగాడు. భాష పాతది కావచ్చు, ప్రశ్న మాత్రం కొత్తదే.

మా అమ్మమ్మ ప్రకటన గ్రంథాన్ని ఇష్టంగా చదివించుకునేది. తనకు చదువు రాదు. గోగు మాగోగులు వస్తే పేజీ తిప్పేయమనేది. ఇక ఆకలి దప్పికలు ఉండవని, ఎండదెబ్బ తగలదని, దేవుడే కన్నీళ్లు తుడుస్తాడని ఉన్న చోట రెండుసార్లు చదవమనేది. పొగాకు బేరన్ల దగ్గర కూలి చేసిన మనిషికి ఎండదెబ్బ లేని లోకం అంటే ఏమిటో వేదాంతులకంటే బాగా తెలుసు. ఆమెకు రాకడ ఒక యుద్ధం కాదు, ఎప్పటికైనా తీర్పు వచ్చే కేసు. తేదీ ఎప్పుడని ఆమె ఏనాడూ అడగలేదు.

తేదీ తనకూ తెలియదనే కదా క్రీస్తు కూడా చెప్పింది. మత్తయి 24వ అధ్యాయంలో శిష్యులు అంతం ఎప్పుడని అడుగుతారు. ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదంటాడాయన. జోస్యాల వ్యాపారులు ఆ అధ్యాయాన్ని నలిగిపోయేదాకా చదివారు. పక్కనే ఉన్న 25వ అధ్యాయానికి మాత్రం అంత గిరాకీ లేదు. తీర్పు రోజున అడిగే ప్రశ్నలు అందులో ముందే బయటపెట్టేశారు: ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, దప్పికైనవాడికి నీళ్లిచ్చావా, పరదేశిని ఇంట చేర్చుకున్నావా, జైల్లో ఉన్నవాణ్ని చూడబోయావా. ప్రశ్నపత్రం లీకైన పరీక్ష ఇది. అయినా జనం పరీక్ష తేదీ కోసమే కొట్టుకుంటున్నారు.